మక్కీకి మక్కీ వద్దు: సరిహద్దు ఊళ్లలో వీధి ఫ్యాషన్ ఫోటోలు తీయడం ఎలా

ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం... ఏ ఊరికి వెళ్లినా ఇప్పుడు కెమెరా పట్టిన కుర్రాళ్లకు కొదవ లేదు. ఫోన్‌తో తీసేవాళ్లయితే ఇంక లెక్కే లేదు. కానీ వాళ్లు పెట్టే ఫ్యాషన్ ఫోటోలు చూస్తే ఊరేదో పోల్చుకోవడం కష్టం. వెనకాల ఖాళీ గోడ, నల్ల కళ్లద్దాలు, పక్కకు తిప్పిన మొహం, జేబులో ఒక చెయ్యి, పైన నారింజ-నీలం ప్రిసెట్ (ఒక్క నొక్కుతో పడే రెడీమేడ్ రంగుల అమరిక). సియోల్‌లో తీసినా అదే ఫోటో, గోపాల్‌పూర్ బీచ్‌లో తీసినా అదే ఫోటో.

ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. తెలుగు, ఒడియా ఒకే ఇంట్లో మాట్లాడే ఈ ఊళ్లలో బట్ట కట్టే తీరు మరెక్కడా దొరకదు. అది కళ్లెదుటే నడిచి వెళ్తుంటే, మనం ఫోన్‌లో ఎవరో తీసిన ఫోటోను గుర్తు తెచ్చుకుంటూ నిలబడిపోతున్నాం.

ఇతరుల ఫోటోలు చూడొద్దని నేను చెప్పను. చూడకుండా ఎవరూ నేర్చుకోలేరు. ఆ ఫోటోగ్రాఫర్ అక్కడే ఎందుకు నిలబడ్డాడు, ఎవరి కోసం ఆగాడు, ఎవరిని వదిలేశాడు అన్నది పట్టుకోవాలి. అది పట్టుకుంటే మన వీధిలో మన ఫోటో వస్తుంది. పట్టుకోకుండా పైపై పోజును దించితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. ఎలా పట్టుకోవాలో అడుగు అడుగుగా చెప్తాను.

1. ఒక్కరిని పట్టుకుని చదవండి

రోజుకు రెండొందల ఫోటోలు స్క్రోల్ చేస్తే ఏదీ మిగలదు. ఒక్క ఫోటోగ్రాఫర్‌ను ఎంచుకుని, ఆయన తీసినవి ఓ యాభై ఫోటోలు వరసగా చూడండి. లైక్ కొట్టకండి, సేవ్ చేయకండి. నోటు పుస్తకంలో రాయండి. మనిషి మొత్తం కనిపిస్తున్నాడా, నడుము దాకానేనా? కెమెరా వైపు చూస్తున్నాడా? వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది? వెనకాల వీధి కనిపిస్తోందా, మసకగా ఉందా? అన్నిటికంటే ముఖ్యం, యాభై ఫోటోల్లోనూ మళ్లీ మళ్లీ వస్తున్నది ఏమిటి?

ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే నేను ముగ్గురి పేర్లు చెప్తాను. ముగ్గురూ వీధిలోనే తీశారు, కానీ ఒకరి చూపు ఇంకొకరికి లేదు.

న్యూయార్క్‌లో బిల్ కనింగ్‌హామ్ (1929-2016) ఏళ్ల తరబడి సైకిల్ మీద తిరుగుతూ న్యూయార్క్ టైమ్స్ కోసం ఫోటోలు తీశారు. నీలం రంగు పనివాళ్ల కోటు ఆయన గుర్తు. 1978లో వీధిలో వెళ్తున్న ఒకావిడను ఫోటో తీశారు. ఆవిడ కోటు భుజం దగ్గర కోత ఆయనకు నచ్చింది, అంతే. ఆవిడ హాలీవుడ్ తార గ్రెటా గార్బో అని ఆయనకు తర్వాతే తెలిసింది. మొహం కంటే ముందు ఆయన కళ్లకు భుజం కుట్టు కనబడిందన్నమాట. అచ్చయ్యే పేజీలో కూడా ఒకే రకం కోటో, ఒకే రకం బూట్లో వేసుకున్న చాలామందిని పక్కపక్కన పేర్చేవారు. ఊరు ఇప్పుడు ఏం కట్టుకుంటోందో ఆ పేజీ చూస్తే తెలిసిపోయేది.

టోక్యోలో షోయిచి ఆవోకి 1997లో ఫ్రూట్స్ అనే పత్రిక మొదలుపెట్టి హరజుకు పేటలోని కుర్రకారును తీశారు. మనిషి నిటారుగా, ఎదురుగా, తల నుంచి బూటు దాకా కనబడేలా. పక్కనే వాళ్లు వేసుకున్నవి ఎక్కడివో రాసేవారు. ఫోటోలో ఫోటోగ్రాఫర్ విన్యాసాలు ఏమీ ఉండవు, బట్టలకే చోటంతా. 2017లో పత్రిక ఆపేస్తూ, తీయదగ్గ కుర్రాళ్లు ఇక కనబడటం లేదన్నారు. వీధిలో సొంత తీరు తగ్గిపోతే ఫోటో మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

మూడో ఆయన స్కాట్ షూమన్. 2005లో తన సొంత సైట్ మొదలుపెట్టారు. ఆయన పద్ధతి అడిగి, ఆపి తీయడం. మనిషి మధ్యలో, వెనకాల వీధి మెత్తగా మసకబారి. మన వాళ్లు ఎక్కువగా దించుతున్నది ఈయన్నే, చాలామందికి ఆ పేరు కూడా తెలియకుండా.

2. కావాలనే దించండి, కానీ బయట పెట్టకండి

సంగీతం నేర్చుకునేవాళ్లు గురువు పాడింది పాడినట్టే పాడతారు. ఫోటోకూ ఆ సాధన కావాలి. నచ్చిన ఒక ఫోటోను తీసుకుని, అదే ఎత్తులో కెమెరా, అదే దూరం, అదే వెలుగు వచ్చే వేళ చూసుకుని మీ తమ్ముణ్నో చెల్లెల్నో నిలబెట్టి తీయండి. తీస్తే తెలుస్తుంది, ఆ మసక అలా రావడానికి ఎంత దూరం జరగాలో, ఆ నీడ ఏ గంటకు పడుతుందో.

ఈ ఫోటోలు వేరే ఫోల్డర్‌లో ఉంచండి. పేరు "సాధన" అని పెట్టుకున్నా సరే. వాటిని మీ పనిగా ఎక్కడా చూపించకూడదు. ఎప్పుడైనా చూపించాల్సి వస్తే ఎవరి ఫోటో చూసి తీశారో కిందనే రాయాలి. ఈ ఒక్క అలవాటు ఉంటే, తర్వాత ఏది మీది, ఏది వాళ్లది అన్న తికమక రాదు.

3. ఇప్పుడు ఒక్కోటీ మార్చండి

అసలు పని ఇది. ఒక ఉదాహరణ తీసుకుందాం. షూమన్ పద్ధతిలో ఒక ఫోటో మీకు నచ్చింది: మంచి కోటు వేసుకున్న పెద్దాయన వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. దించాలంటే మీ మావయ్య పెళ్లి సూటు అడిగి తెచ్చి, ఎవరికో తొడిగి, బరంపురం గిరి రోడ్డు మీద నిలబెట్టడమే. చాలామంది చేస్తున్నది అదే.

అలా కాకుండా, ఆ ఫోటో ఎందుకు బాగుందని అడగండి. కోటు ఖరీదైనదని కాదు, అది ఆయనకు సరిగ్గా సరిపోయింది. ఆ వయసులో తనకేది నప్పుతుందో ఆయనకు తెలుసు. సరే, మన బజారులో తనకేది నప్పుతుందో బాగా తెలిసిన పెద్దాయన ఎవరు? నేనైతే దర్జీ దగ్గరికి వెళ్తాను.

మన ఊళ్లలో పాతకాలపు దర్జీని దగ్గర నుంచి చూడండి. చొక్కా తనే కుట్టుకుంటాడు కాబట్టి భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చుంటుంది. చొక్కా జేబు మామూలు కంటే కాస్త లోతు, అందులో సుద్దముక్క, చిన్న పుస్తకం పట్టాలి మరి. మెడలో టేపు వేలాడుతుంది, టీకి వెళ్లేటప్పుడు కూడా తీయడు. కుడిచేతి వేళ్లకు సుద్ద. కాళ్లకు మామూలు రబ్బరు చెప్పులు, మిషను తొక్కడానికి అవే సుఖం. ఇక్కడ ఫ్యాషన్ అంతా ఆ భుజం కుట్టులోనూ జేబులోనూ ఉంది. కాబట్టి నిలువెత్తు ఫోటో తీసినా ఆయన్ని పక్కకు కాస్త తిరిగి నిలబడమనండి, భుజం మీద వెలుగు పడాలి. వెనకాల వీధిని మసక చేయకండి. వేలాడదీసిన బ్లౌజులు, బట్టముక్కల మూట కనబడనివ్వండి, ఆయన చొక్కా అలా ఎందుకుందో అవే చెప్తాయి.

షూమన్ దగ్గర మీరు తీసుకున్నది ఏమిటి? అడిగి ఆపడం, మనిషికి నప్పినదాన్ని గౌరవంగా చూపించడం. వదిలేసింది? కోటు, మసక, పోజు. ఇప్పుడు ఆ ఫోటో మీది. ఇదే పద్ధతిలో మీకు నచ్చిన ప్రతి ఫోటోనూ విడగొట్టండి: ఉంచుకునేది ఒకటి, మహా అయితే రెండు. మిగతావి మన వీధి నుంచే రావాలి.

4. మీ వీధి బట్టలు నేర్చుకోండి

బట్ట గురించి తెలియనివాడు ఫ్యాషన్ ఫోటో తీస్తే పోజు తప్ప ఇంకేమీ మిగలదు. నకళ్లు ఎక్కువగా పుట్టేది ఈ తెలియనితనం నుంచే. కెమెరా కొనడానికి చూపించే శ్రద్ధలో సగం దీని మీద పెట్టండి.

బరంపురంలో ఉన్నవాళ్లు పట్టు నుంచి మొదలుపెట్టండి. బరంపురం పట్టు చీర, మగవాళ్లు కట్టే జోడ, రెండిటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అంచు మీద వరసగా గుడి శిఖరం నమూనా వస్తుంది, దాన్నే ఫొడ కుంభ అంటారు. నేత వీధుల్లో ఇప్పటికీ మగ్గం పక్కన తెలుగు వినిపిస్తుంది. మగ్గాలు బాగా తగ్గిపోయాయి కాబట్టి ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి, కూర్చుని అడగండి: అంచు ఎలా వేస్తారు, ఏది పెళ్లికి, ఏది రోజూ కట్టుకునేది, నకిలీ పట్టును ఎలా పట్టుకుంటారు. బొమ్‌కాయి చీరకు ఆ పేరు గంజాం జిల్లాలోని ఊరి నుంచే వచ్చింది. సంబల్‌పురి మాత్రం పడమటి ఒడిశాది. మన ఆఫీసుల్లో ఆడవాళ్లు ఎక్కువగా కట్టుకునేది అదే. ఈ మూడిటి తేడా దూరం నుంచి చెప్పగలిగే దాకా కెమెరా బయటికి తీయకపోయినా నష్టం లేదు.

తర్వాత కలగలుపును చూడండి. మన ఊళ్ల అందం అంతా అందులో ఉంది. మెడలో నల్లపూసలు, కాలికి మెట్టెలు, చేతికి ఒడియా వాళ్ల శంఖు గాజులు, ఒకే మనిషి మీద. జీన్స్ ప్యాంటు మీద భుజాన గళ్ల గమ్‌ఛా వేసుకుని బైక్ తోలే కుర్రాడు. పట్టుచీర మీద స్వెటర్, స్వెటర్ మీద నుంచి పైటకొంగు, డిసెంబరు పొద్దున్న గుడికి వెళ్లే మామ్మగారు. వీళ్లెవరూ ఏ ఫోటోనూ చూసి తయారవలేదు. కనింగ్‌హామ్ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది: శీతాకాలమంతా ఒక్క విషయమే పట్టుకోండి, ఉదాహరణకు చీర మీద స్వెటర్. ఇరవై మందివి పక్కపక్కన పేరిస్తే ఎవరూ ఎక్కడా చూడని పేజీ తయారవుతుంది.

రాయగడ, కొరాపుట్ వైపు ఉన్నవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. నియమగిరి కొండల్లో డోంగ్రియా కొంధు ఆదివాసీ ఆడవాళ్లు ముతక తెల్లబట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే కపడగండా శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనసైనవాళ్లకూ అయినవాళ్లకూ కానుకగా ఇవ్వడానికి కుట్టే శాలువా అది. కోట్‌పాడ్ బట్టకు అంతకంటే ముందే గుర్తింపు ఉంది, ఆల్ చెట్టు వేరు రంగుతో వచ్చే ముదురు ఎరుపు, గోధుమ రంగులు దానివి. ఇలాంటి నమూనాలను మిషను మీద అచ్చేసి అమ్మడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు. శాలువాను తిరగేసి చూడండి. చేత్తో కుట్టినదైతే వెనకవైపు దారం పోగులు, ముళ్లు కనిపిస్తాయి. అచ్చు బట్టయితే వెనక రంగు వెలిసినట్టుంటుంది, పోగు ఉండదు. అచ్చు బట్ట వేసుకున్న మనిషిని ఫోటో తీయడంలో తప్పు లేదు, కింద కపడగండా అని రాయడమే తప్పు.

ఇంకో మాట కూడా గట్టిగానే చెప్తాను. పట్నం నుంచి మోడల్‌ను తెచ్చి, డోంగ్రియా ఆడవాళ్ల ముక్కుపోగులు, జడపిన్నులు పెట్టించి, రాయగడ జిల్లా చాటికొణ సంతలో నిలబెట్టి "వీధి ఫ్యాషన్" అనకండి. అది వేషం. బుధవారం సంతకు ఆ ఆడవాళ్లే వస్తారు, వాళ్ల బట్ట వాళ్ల ఒంటి మీదే ఉంటుంది. అయినా ఆదివాసీ ఊళ్లలో, సంతల్లో ఫోటోలు తీయడానికి ముందు స్థానిక అధికారులను అడిగి ఏం నియమాలున్నాయో తెలుసుకోండి. సరే అన్నా కూడా, తల అడ్డంగా ఊపిన మనిషిని వదిలేయండి.

5. చోటు, వేళ, కెమెరా

ఇది త్వరగా చెప్పేస్తాను, సాధనతో వస్తుంది కాబట్టి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తీయకండి, కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. ఉత్తర దక్షిణంగా ఉన్న వీధిలో పొద్దున్న ఒక పక్క, సాయంత్రం ఇంకో పక్క నీడ ఉంటుంది. ఆ నీడ అంచున, మొహం వెలుగు వైపు ఉండేలా నిలబెట్టండి. ఎదురు గోడ సున్నం వేసిందైతే ఇంకా మంచిది, ఆ వెలుగు మెత్తగా తిరిగి వస్తుంది.

నిలువెత్తు ఫోటోకు కెమెరాను మీ కంటి ఎత్తులో పట్టుకోకండి, కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. బొడ్డు ఎత్తుకు దించండి. ఫోన్‌లో మామూలు లెన్స్ దగ్గరగా పెడితే తల, చెప్పులు సాగిపోతాయి. 2ఎక్స్ పెట్టుకుని వెనక్కి జరగండి. నడుస్తున్న మనిషికి షట్టరు సెకనులో 500వ వంతు ఉంటే కుచ్చిళ్లు కూడా స్పష్టంగా వస్తాయి. ఎర్ర పట్టు, రాణీ రంగు పట్టు ఎండలో తొందరగా రంగు విరిగి ఒకే ముద్దగా కనబడతాయి, నేత పోతుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుగు, మూడింట రెండు వంతుల స్టాప్ (స్కేలు మీద -0.7) తగ్గించండి. జరీ మెరుపు కావాలంటే వెలుగు పక్క నుంచి రావాలి.

6. అడగడం

టెన్షన్ అంతా ఇక్కడే. కెమెరా మెడలో కనబడేలా వేసుకుని, ముందు నుంచి వెళ్లండి, వెనక నుంచి వద్దు. తెలుగు మాట్లాడేవాళ్లని తెలిస్తే, "అమ్మా, మీ చీర అంచు చాలా బాగుంది. ఒక్క ఫోటో తీసుకోమంటారా?" చాలు. ఒడియా వాళ్లయితే, "మావుసీ, గొటే ఫొటో నెబి?" అనండి, మన యాసలో అన్నా నవ్వుతారే గానీ కోప్పడరు. బట్టలో మీకు ఏం నచ్చిందో కచ్చితంగా చెప్పాలి. "మీరు బాగున్నారు" అంటే ఎవరికైనా ఇబ్బందే. "ఈ అంచు ఎక్కడిది" అంటే కథ మొదలవుతుంది, ఆ కథలోనే మీ ఫోటో శీర్షిక దొరుకుతుంది.

ఎక్కడ పెడతారో ముందే చెప్పండి. చదువుకునే అమ్మాయిలు, పిల్లలు అయితే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. తీసిన తర్వాత ఎవరైనా ఫోన్ చేసి తీసేయమంటే, కారణం అడక్కుండా తీసేయండి. ఇక నిలబడిన మనిషికి పోజులు నేర్పకండి. "అలా నిలబడండి, చెయ్యి ఇలా పెట్టండి" అన్న మరుక్షణం మీరు ఎక్కడో చూసిన ఫోటో ఆ మనిషి ఒంటి మీదికి వచ్చి కూర్చుంటుంది. కొంగు సర్దుకోనివ్వండి, సంచీ చేతిలోనే ఉండనివ్వండి.

7. పక్కపక్కన పెట్టి చూడండి

రంగులు సరిచేసేటప్పుడు కొన్న ప్రిసెట్లు పక్కన పెట్టండి. బట్ట అసలు రంగు ఫోటోలో రావాలి, అంతకు మించి దిద్దుబాటు అక్కర్లేదు. నేసినవాళ్లు చూస్తే ఇది మా రంగు కాదు అనకూడదు.

బయట పెట్టే ముందు మీకు స్ఫూర్తినిచ్చిన ఫోటోనూ మీదీ పక్కపక్కన పెట్టండి. మీ ఫోటోలో మనిషిని తీసేసి వేరే మనిషిని పెట్టినా ఫోటో మారకపోతే, అది పోజు నకలు. ఊరిని తీసేసి ఇంకో ఊరిని పెట్టినా మారకపోతే, నేపథ్యం నకలు. ఫోటోగ్రఫీ తెలియని ఇంట్లోవాళ్లకు రెండూ చూపించి ఏం తేడా ఉందని అడగండి. "ఇది మనవాళ్ల బజారు" అని మొదట అనేస్తే మంచిదే. "రెండూ ఒకటేగా" అంటే సాధన ఫోల్డర్‌లోకి పంపండి.

8. చట్టం ఎక్కడ గీత గీస్తుంది

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో కళాకృతి. తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. అయితే ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదని, ఆ ఆలోచనను చెప్పిన తీరు, అమర్చిన పద్ధతి మీదే హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. అంటే "చీర మీద స్వెటర్" అన్న ఆలోచన ఎవరిదీ కాదు, అందరూ తీయొచ్చు. ఒకరి ఫోటోలోని అమరికనంతా, వెలుగు, కోణం, రంగులతో సహా దించితే చిక్కు మొదలవుతుంది.

లండన్‌లో 2012లో తేలిన కేసు ఒకటి ఈ గీతను బాగా చూపిస్తుంది. నలుపు తెలుపు పార్లమెంటు భవనం, తెల్లటి ఖాళీ ఆకాశం, వంతెన మీద ఒక్క ఎర్ర బస్సు, ఇదీ మొదటి ఫోటో. ఒక టీ కంపెనీ ఆ ఫోటోను వాడుకోలేదు, తనే వేరే ఫోటోలతో అలాంటిదే తయారు చేయించుకుంది. బస్సు వేరు, కోణం వేరు. అయినా ఆ అమరికలోని ముఖ్యమైన భాగాన్ని తీసుకున్నారని కోర్టు తప్పు పట్టింది. బ్రిటన్ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, కానీ "నేనే స్వయంగా తీశాను కదా" అన్న మాట ఒక్కటే సరిపోదని అర్థమవుతుంది.

బట్టల షాపుల వాళ్లు ఏదో ఫోటో చూపించి "ఇలాగే కావాలి" అంటారు. కుదరదని ముఖం మీద చెప్పి ఆర్డరు పోగొట్టుకోనక్కర్లేదు. ఆ ఫోటోలో ఏం నచ్చిందో అడగండి. నూటికి తొంభై మంది "రంగు బాగా కనబడుతోంది", "చీర మొత్తం కనిపిస్తోంది" అనే అంటారు. ఆ రెండూ మీరు మీ పద్ధతిలో చేసి ఇవ్వొచ్చు. ఒప్పందం మాత్రం కాగితం మీద రాసుకోండి. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు చట్టం ప్రకారం తీయించుకున్నవాళ్లదే అవుతుంది. తర్వాత మీ పేరు మీద ఎక్కడైనా వాడుకోవాలంటే ఆ మాట ముందే కాగితంలో ఉండాలి.

శీర్షిక చివరి పని. బట్ట పేరు, నేసిన ఊరు, తీసిన వీధి, నెల రాయండి. ఎవరి ఫోటోల నుంచి ఏం నేర్చుకున్నారో ఒక వాక్యం రాయండి: "ఎదురుగా, నిలువెత్తుగా తీయడం ఆవోకి ఫోటోల నుంచి" అంటే చాలు. ఫోటోలో ఉన్న మనిషి పేరు, వాళ్లు ఒప్పుకుంటేనే. ఫోటోను వాళ్ల వాట్సాప్‌కు పంపించండి, ఫోన్ లేని పెద్దవాళ్లకు ప్రింటు తీసి ఇవ్వండి. తర్వాతి సారి అదే వీధిలోకి వెళ్తే వాళ్లే ఇంకొకరిని పిలిచి చూపిస్తారు.